లిబర్టీ కొండ మీది గ్రాసింగర్స్

యూదుల వేసవి విడిదిగా పేరుపడ్డ గ్రాసింగర్స్ హోటల్ ఎందుకు మూతపడిందని న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్స్ కొండల్లో ఏ పెద్దాయన్ని అడిగినా మూడు కారణాలు ఏకరువు పెడతాడు. విమాన ప్రయాణం చవకైంది, ఇంటింటికీ ఏసీ వచ్చింది, యూదులు తక్కిన అమెరికన్లలో కలిసిపోయారు. మూడూ నిజమే, కాదనను. అయితే ఆ హోటల్ పక్క ఊళ్లోనే ఏళ్ల తరబడి కాపురం చేసినదాన్ని కాబట్టి నాకు కనిపించిన కారణం ఇంకొకటి ఉంది. ఆ కొండల్లోని హోటళ్లు తమ దగ్గర కంచాలు ఎత్తిన కుర్రవాళ్లను డాక్టర్లను, లాయర్లను చేసి పంపించాయి. వాళ్లు తమ పిల్లల్ని కంచాలు ఎత్తడానికి పంపలేదు సరికదా, కొన్నాళ్లకు తామూ భోజనానికి రావడం మానేశారు.

న్యూయార్క్ నగరం నుంచి 17వ నంబరు రోడ్డు పట్టుకుని వాయవ్యంగా వంద మైళ్ల దాకా వెళితే సలివన్ కౌంటీలో లిబర్టీ అనే చిన్న ఊరు వస్తుంది. దాన్ని ఆనుకునే ఫెర్న్‌డేల్, అక్కడి కొండ మీద గ్రాసింగర్స్. న్యూజెర్సీలో ఉండే మన పిల్లలు ఆకులు ఎర్రబారే రోజుల్లో ఆ దారినే కార్లు వేసుకుని పోతారు. వాళ్లకు ఆ పేరు చెబితే బ్యాంకు పేరా అని అడుగుతారు.

మేము అక్కడికి చేరడం కూడా మా ప్రయోజకత్వం ఏమీ కాదు. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన వైద్య కళాశాలల నుంచి బ్యాచీలకు బ్యాచీలు ఇటు తరలి వచ్చాయి. గుంటూరులో చదువుకున్న మేమిద్దరం కాస్త ఆలస్యంగా 1975లో దిగాం. బ్రూక్లిన్‌లో రెసిడెన్సీ పూర్తవుతుండగా, నగరం డాక్టర్లు రావడానికి ఇష్టపడని ఒక చిన్న ఆసుపత్రి మమ్మల్ని పిలిచింది. నేను పిల్లల డాక్టర్ని, మావారు మత్తు డాక్టరు. ఇద్దరికీ ఒకే చోట ఉద్యోగం దొరకడమే గొప్ప, ఊరు ఎలా ఉంటుందని అడిగే తీరిక లేదు. 1978 చలికాలంలో సామాను దించుకున్నాం. అప్పట్లో ఇంకా చీరతోనే డ్యూటీకి వెళ్లేదాన్ని. కారు దిగి ఆసుపత్రి గుమ్మం చేరేలోపు కుచ్చిళ్ల అంచు మంచులో తడిసి, లోపలికి వెళ్లేసరికి అట్టలా బిగుసుకుపోయేది. రేడియేటర్ పక్కన నిలబడి కరిగించుకున్నాకే వార్డులోకి.

మా వృత్తికీ ఆ కొండలకూ పాత చుట్టరికం ఉంది. క్షయకు మందు లేని రోజుల్లో రోగులను గాలి మార్పు కోసం అక్కడికి పంపేవారు. లిబర్టీలో లూమిస్ శానటోరియం 1896లోనే తెరిచారు. మన మదనపల్లె ఆరోగ్యవరం గురించి చిన్నప్పుడు విన్న మాటలే అక్కడి ముసలి నర్సులు లూమిస్ గురించి చెప్పేవారు: వరండాలో మంచాలు, పాలు, గుడ్లు, దగ్గు. నగరంలో దిగువ ఈస్ట్ సైడ్ ఇరుకు గదుల్లో కుట్టుపని చేసే యూదు కార్మికులకు అలా ఆ కొండలు పరిచయమయ్యాయి. రోగులు వెళ్లిన చోటికే కొన్నాళ్లకు ఆరోగ్యవంతులు వేసవి గడపడానికి వెళ్లారు. వేరే చోటికి వెళదామన్నా రానిచ్చేవారు కాదు. 1877లో సారటోగా అనే విడిది ఊళ్లోని గ్రాండ్ యూనియన్ హోటల్ జోసెఫ్ సెలిగ్‌మన్ అనే పెద్ద బ్యాంకరునే యూదుడని గుమ్మం దగ్గర ఆపేసింది. కోటీశ్వరుడికే ఆ గతి పడితే గుండీలు కుట్టేవాళ్ల మాట చెప్పాలా? క్యాట్‌స్కిల్స్‌లోనూ యూదులకు గదులు ఇవ్వబోమని ప్రకటనలు వేసుకున్న ఇళ్లు ఉండేవి. అయితే నేల రాళ్లమయం, వ్యవసాయం గిట్టదు. అమ్ముకుపోయే రైతులుంటే కొనుక్కునే యూదులు ఉన్నారు.

సెలిగ్, మాల్కె గ్రాసింగర్ దంపతులు అలా కొనుక్కున్నవాళ్లే. అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని గలీషియా నుంచి వచ్చారు. సెలిగ్ నగరంలో బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని చేసి ఒళ్లు గుల్ల చేసుకున్నాడు. 1914లో ఫెర్న్‌డేల్‌లో శిథిలమైన ఇల్లున్న పొలం ఒకటి తీసుకున్నారు. పొలం అచ్చిరాలేదు, మాల్కె చేతివంట అచ్చివచ్చింది. మొదటి వేసవిలో వారానికి తొమ్మిది డాలర్ల లెక్కన తొమ్మిది మందికి తిండీ గదీ ఇచ్చి, అంతా పోను 81 డాలర్లు మిగుల్చుకున్నారని చెబుతారు. వాళ్ల కూతురు జెన్నీ ఎనిమిదేళ్ల పిల్లగా అమెరికాలో దిగి, పదమూడేళ్లకే ఫ్యాక్టరీలో గుండీల కాజాలు కుట్టడానికి కుదిరిన మనిషి. హోటల్‌ను నడిపించింది ఆవిడే. 1919లో పాత ఇల్లు వదిలి చెరువూ అడవీ ఉన్న పెద్ద స్థలానికి మారారు. ఆ పైన వెనక్కి చూడలేదు.

జెన్నీని నేను చూడలేదు, 1972లోనే పోయారు. అప్పటికి ఆ హోటల్‌కు 1,200 ఎకరాలు, 35 భవనాలు, ఏటా లక్షా 50 వేల మంది అతిథులు. సొంత పోస్టాఫీసు, సొంతంగా చిన్న విమానాలు దిగే మైదానం కూడా ఉండేవి. నగరంలో ఆవిడ పేరుతో రై రొట్టె అమ్మేవారు. మేము బ్రూక్లిన్‌లో ఉన్నప్పుడు ఆ రొట్టె కొనుక్కునేవాళ్లం గానీ, ఆ పేరు వెనక ఒక మనిషి ఉందనీ, హోటల్ ఉందనీ ఊహించలేదు.

కొండల్లో పుట్టిన పుకారుకీ చరిత్రకీ మధ్య గీత గీయడం కష్టం. కొన్ని మాత్రం ఊరంతా ఒకే రకంగా చెబుతుంది. 1930లలో బార్నీ రాస్ అనే యూదు ముష్టియోధుడు, అంటే బాక్సర్, పోటీకి ముందు అక్కడ సాధన చేశాడు. దాంతో పత్రికల్లో రోజూ హోటల్ పేరు. తర్వాత రాకీ మార్సియానో కూడా అక్కడే సాధన చేశాడు. 1949లో ఎడ్డీ కాంటర్ అనే పేరున్న నటుడు ఎడ్డీ ఫిషర్ అనే కుర్ర గాయకుణ్ణి అక్కడే విని చేరదీశాడు. ఆ ఫిషరే 1955లో సినీ నటి డెబ్బీ రేనాల్డ్స్‌ను అక్కడే పెళ్లి చేసుకున్నాడు. బేస్‌బాల్‌లో నల్లవారికి తలుపు తెరిచిన జాకీ రాబిన్సన్ కుటుంబంతో వచ్చేవాడు. గ్రాసింగర్స్‌వాళ్లు తమను గుమ్మం దగ్గర ఆపినవాళ్లను గుర్తు పెట్టుకుని, తమ గుమ్మం దగ్గర ఇంకొకరిని ఆపలేదు. అది నాకు ఆ పెళ్లి హడావిడి కంటే పెద్ద విషయంగా తోస్తుంది. 1952లో ఆకాశం సహకరించలేదని యంత్రాలతో మంచు తయారు చేయించి స్కీయింగ్ నడిపించారు. ప్రపంచంలో హోటల్‌వాళ్లు అలా చేయడం అదే మొదలంటారు. ఇంటి ముందు మంచును పారతో తోసి నడుములు పడిపోయిన మాకు, డబ్బిచ్చి మంచు కురిపించుకున్నారంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఆసుపత్రివాళ్లు ఏటా ఇచ్చే విందుకు తొలిసారి లోపలికి వెళ్లాను. బయటికి ట్యూడర్ శైలిలో తెల్ల గోడల మీద నల్ల దూలాలు. లోపల దారులు, దారుల్లోంచి దారులు. ఒక భవనంలోంచి ఇంకో భవనానికి చలిగాలి తగలకుండా వెళ్లిపోవచ్చు. వెయ్యి మందికి పైగా ఒకేసారి కూర్చునే భోజనశాల. ఆ హోరు మన పెళ్లి పందిట్లో రెండో బంతి లేచి మూడో బంతి కూర్చునేటప్పుడు ఉండే హోరే. గది అద్దెలోనే మూడు పూటల తిండీ కలిసి ఉంటుంది కాబట్టి మెనూలో ధరలు ఉండవు. ఒకటి అడిగితే తెస్తారు, పదీ అడిగినా తెస్తారు. వడ్డించేవాళ్లు కాగితం మీద రాసుకోరు. పది మంది చెప్పింది బుర్రలో పెట్టుకుని వెళ్లి, పది పళ్లేలు ఒకే పెద్ద తట్టలో భుజం మీద మోసుకొస్తారు. మనం తక్కువ అడిగితే ఊరుకోరు. "అంతేనా? ఒంట్లో బాగుందా?" అని నొసలు చిట్లిస్తారు.

అయితే ఆ హోటల్ నాకు నిజంగా అర్థమైంది మా అత్తగారి వల్ల.

1981 వేసవిలో ఆవిడ తెనాలి నుంచి వచ్చారు. విమానంలో ఏమీ ముట్టుకోకుండా, తెచ్చుకున్న అటుకులు నాలుగు నోట్లో వేసుకుని దిగిన మనిషి. మా ఇంట్లో ఒక పొయ్యి ఆవిడకు విడిగా ఇచ్చేశాను. ఆదివారం ఒకసారి మావారు పట్టుబట్టి గ్రాసింగర్స్‌కు మధ్యాహ్న భోజనానికి బయల్దేరదీశారు. పళ్లు తప్ప ఏమీ తిననని ఒట్టు వేయించుకుని మరీ కారెక్కారు ఆవిడ.

మా బల్లకు వచ్చినవాడు కుర్రవాడు కాదు, తూర్పు యూరప్ యాస పోని పెద్దమనిషి. మాంసం తినమని చెప్పగానే, ఈ పూట మాంసం అడిగినా దొరకదని చెప్పాడు. పొద్దున, మధ్యాహ్నం పాల భోజనం, రాత్రికే మాంసం. వంటిళ్లు రెండు. గిన్నెలు, పళ్లేలు, చెంచాలు, తుడిచే గుడ్డలు అన్నీ రెండేసి. నేను తెలుగులో చెబుతుంటే అత్తగారు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు.

"మాంసం తిన్న పూట పాలు ముట్టరా?"

ముట్టరు, కొన్ని గంటలు ఆగాలి, రాత్రి భోజనం తర్వాత కాఫీలో పాలు కూడా పోయం అన్నాడు.

"మరి పొరపాటున గరిటెలు కలిసిపోతే?"

లోహపుదైతే సలసల మరిగే నీళ్లలో ముంచి శుద్ధి చేయాలి, మట్టిదైతే ఇక పనికిరాదు, పారేయాలి అన్నాడు.

ఆవిడ మావారి వైపు తిరిగారు. "విన్నావా? మట్టిది మైలపడితే మనమూ పారేస్తాం. వీళ్లకీ మడి ఉంది. మీకే పోయింది."

ఆ గౌరవం అయిదు నిమిషాలు నిలిచింది. పక్క బల్ల మీదికి ఉప్పు చేప వచ్చింది. ఇదేమిటని అడిగితే, చేప వీళ్ల లెక్కలో మాంసం కాదని చెప్పాను. "బెంగాలీలన్నమాట" అని కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చున్నారు. లేచి మాత్రం వెళ్లిపోలేదు.

చల్లా అనే జడ అల్లిన రొట్టెలో గుడ్డు ఉంటుంది, బ్లింట్జ్ అనే జున్ను చుట్టిన అట్టులోనూ ఉంటుంది. ఆ పెద్దమనిషి ఒక్కొక్కటీ వేలితో చూపించి "ఇది వద్దు, ఇది వద్దు" అని తీసి పక్కన పెట్టాడు. గుడ్డు లేని రై రొట్టె, ఉడికించిన బంగాళదుంపలు, పుల్లటి మీగడ, చల్లటి బీట్‌రూట్ బోర్ష్ట్ తెచ్చాడు. బోర్ష్ట్‌లో మీగడ కలిపితే వచ్చే ఆ గులాబీ రంగు చూసి ఆవిడ మొదట జడిశారు గానీ, దుంప చిదిమి అందులో కలుపుకున్నాక గిన్నె ఖాళీ చేశారు. బల్ల మధ్యలో ఉప్పునీటిలో ఊరవేసిన చిన్న దోసకాయలు. ఒక ముక్క కొరికి, కళ్లు మూసుకుని తేల్చి చెప్పారు: "ఉప్పు సరిగ్గా పట్టింది. కారం వేయడం మరిచిపోయారు." నేను దాన్ని అనువదించి చెబితే ఆ పెద్దమనిషి పగలబడి నవ్వి, వంటింట్లోకి వెళ్లి ఇంకో గిన్నెడు తెచ్చిపెట్టాడు. తెనాలి వెళ్లాక ఆవిడ అమెరికా గురించి ఎవరు అడిగినా నయాగరా జలపాతం కంటే ముందు ఆ రెండు వంటిళ్ల సంగతే చెప్పేవారట.

భోజనం అయ్యాక హాల్లో ఆట. లూ గోల్డ్‌స్టీన్ అనే పొడుగాటి మనిషి దశాబ్దాల పాటు అక్కడ అతిథులను ఆడించాడు. ఆయన 'సైమన్ సేస్' ఆట కోసమే వచ్చేవాళ్లు ఉండేవారు. 'సైమన్ చెప్పాడు' అని ముందు అంటేనే చెప్పింది చేయాలి, అనకుండా చేయమంటే కదలకూడదు. వినడానికి చంటిపిల్లల ఆట. ఎంత చదువుకున్నవాళ్లయినా నిమిషంలో బోల్తా పడేవారు. చెయ్యెత్తమని చేయించి, మధ్యలో మాటల్లో పెట్టి, "మీది ఏ ఊరు? వినపడటం లేదు, ఇలా రండి" అనేవాడు. మావారు మర్యాదగా ఒకడుగు ముందుకు వేశారు, అవుటయ్యారు. ఆపరేషన్ గదిలో అంత జాగ్రత్తగా ఉండే మనిషి ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ ముఖం ముడుచుకుంటారు.

ఆ నవ్వుల మధ్య కూడా డాక్టరు కన్ను ఊరుకోదు. ఆ హాల్లో నలభై ఏళ్ల లోపువాళ్లు ఎంతమంది ఉన్నారని చూశాను. వాకర్లు, చేతికర్రలు, వినికిడి మిషన్లు. పిల్లలు తక్కువ. ఉన్న పిల్లలు కూడా తాతలతో వచ్చినవాళ్లు, అమ్మానాన్నలతో వచ్చినవాళ్లు కాదు. తివాచీ గుమ్మాల దగ్గర అరిగి అట్టడుగు నూలు కనిపిస్తోంది. ఒక పక్క భవనానికి కిందటి చలికాలం వేడి పెట్టలేదని ఎవరో అన్నారు. చమురు ధరలు 1973లో ఒకసారి, 1979లో మరొకసారి ఎగిశాక అన్ని గదుల కొయ్య భవనాలను వెచ్చగా ఉంచడం తలకు మించిన పనే.

మా ఆసుపత్రిలో ఒక సీనియర్ సర్జన్ ఉండేవారు. మావారు ఆయనతో రోజూ ఆపరేషన్ గదిలో నిలబడేవారు, ఆదివారాలు ఆయన మా ఇంటికి ఇడ్లీకి వచ్చేవారు. ఆయన 1940లలో అదే కొండల్లో వేరే హోటల్లో బస్‌బాయ్‌గా పనిచేశారు. వడ్డించేవాడి వెనక తిరిగి ఎంగిలి కంచాలు ఎత్తే పని. అప్పట్లో వైద్య కళాశాలలు యూదు విద్యార్థులకు ఇన్ని సీట్లే అని గుట్టుగా కోటా పెట్టుకునేవి. దాన్ని దాటి సీటు తెచ్చుకున్నా ఫీజు కట్టాలి. వేసవి టిప్పులే దిక్కు. "డాక్టరు కోర్సు చదువుతున్నానని చెబితే టిప్పు పెరిగేది. పెళ్లి కావలసిన కూతురు ఉన్న బల్లయితే ఇంకా పెరిగేది. అందుకని హోటల్ యజమాని అలాంటి బల్లలు మాకు వంతులు వేసి ఇచ్చేవాడు" అని ఆయన చెబుతుంటే, మా అత్తగారు అర్థం చెప్పమని నన్ను పొడిచేవారు. ఖాళీ ఇడ్లీ పళ్లేలు నాలుగు ముంజేతి మీద పేర్చి, వంటింటి దాకా నడిచి చూపించారు ఒకసారి. సర్జరీ చేసే ఆ చేతులు అరవై దాటినా వణకలేదు.

ఆయన పిల్లలు ముగ్గురూ పెద్ద విశ్వవిద్యాలయాల్లో చదివారు. సెలవులకు ఎప్పుడైనా గ్రాసింగర్స్‌కు వెళదామంటే ఒక్కరూ రాలేదట. కొలరాడోకో ఫ్రాన్స్‌కో వెళతామనేవారు. వెళ్లగలిగిన స్థితి, వెళ్లే హక్కు రెండూ వాళ్లకు పుట్టుకతోనే ఉన్నాయి. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక ఏ హోటలూ కులమతాలు చూసి గుమ్మం దగ్గర ఆపడానికి లేదు. తాతను ఆపిన చోటికి మనవడు దర్జాగా వెళ్లి గది తీసుకుంటాడు. ఇక తాత కట్టుకున్న హోటల్‌తో వాడికి పనేమిటి? ఆ కొండల్లో తయారైన హాస్యగాళ్లు టీవీలోకి వెళ్లిపోయారు. వాళ్లను చూడటానికి కూడా వంద మైళ్లు రావలసిన అవసరం పోయింది.

ఇది చూస్తున్నప్పుడు మనవాళ్లు నా మనసులో లేరని అబద్ధం చెప్పను. 1977లో న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగువారి మొదటి మహాసభలు జరిగినప్పుడు మేము బ్రూక్లిన్‌లో ఉన్నాం, వెళ్లాం. పులిహోర కోసం నిలబడ్డ వరుసలో ఊరి పేరు చెబితే చుట్టరికం బయటపడటం, కొంగు చాటున పిల్లల ఈడూ జోడూ లెక్కలు. నాలుగేళ్ల తర్వాత గ్రాసింగర్స్‌లో ఇద్దరు ముసలమ్మలు బల్లకు అడ్డంగా వంగి మనవడి ఉద్యోగం, మనవరాలి చదువు చెప్పుకుంటుంటే, భాష తెలియకపోయినా సంగతి పూర్తిగా తెలిసిపోయింది.

1985లో కుటుంబం హోటల్‌ను అమ్మేసింది. కొన్నవాళ్లు 1986లో మూసి, కొత్తగా కడతామని కొన్ని భవనాలు పేల్చేశారు. కొత్తది మాత్రం పైకి లేవలేదు. అక్కణ్ణుంచి ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి మారుతూ పోయింది. గోల్ఫ్ మైదానం ఒక్కటే చాలా ఏళ్లు నడిచింది. లిబర్టీ మెయిన్ స్ట్రీట్‌లో దుకాణాలు ఒక్కొక్కటే మూతపడి అట్టలు కట్టుకున్నాయి. ఆసుపత్రిలో మాకు అది వేరే విధంగా తెలిసింది: వంటింటి కాలిన గాయాలు, కత్తి గాట్లు తగ్గాయి, రక్తపోటూ తాగుడూ పెరిగాయి. హోటల్ నర్సరీలో పనిచేసిన ఒకామె తన పిల్లను నాకు చూపించడానికి వచ్చి, ఈసారి బీమా లేదని తల దించుకుని చెప్పింది. 1950లలో ఆ కౌంటీలో అయిదు వందలకు పైగా హోటళ్లు ఉండేవని అంటారు. కియామిషా సరస్సు దగ్గర వాటన్నిటిలోకీ పెద్దదైన కాంకర్డ్ కూడా 1998లో మూతపడింది. ఆ కొండల్లోకి వచ్చే రైలు మార్గం సంగతి చెప్పనే లేదు, అది 1957లోనే మూతపడింది.

అన్నీ పాడుబడ్డాయని కాదు. సౌత్ ఫాల్స్‌బర్గ్‌లో మూడు పాత హోటళ్లు మన గణేశ్‌పురి ముక్తానంద స్వామి ఆశ్రమం కిందికి వచ్చాయి. 1979 నుంచి అక్కడ ఆశ్రమం ఉంది. యూదు కుటుంబాలు పేకాట ఆడుకున్న గదుల్లో తెల్ల అమెరికన్లు సంస్కృతంలో గురుగీత చదివేవారు. బొట్టు పెట్టుకున్న నన్ను చూసి ఒకామె సాష్టాంగం పడబోతే, నేను పిల్లల డాక్టర్నమ్మా అని లేవదీయాల్సి వచ్చింది. ఇప్పుడు వేసవిలో ఆ కొండల నిండా నల్ల కోట్ల హసీదీ యూదులు, అంటే ఆచారం కట్టుదిట్టంగా పాటించేవాళ్లు. తామే వండుకునే చిన్న చిన్న కాటేజీల్లో ఉంటారు, పెద్ద హోటళ్లు వాళ్లకు అక్కర్లేదు. కాంకర్డ్ ఉన్న స్థలంలో 2018లో క్యాసినో తెరిచారు. మన సీనియర్ సిటిజన్ల బృందం ఒకటి బస్సు వేసుకుని వెళ్లి వచ్చింది. మావారు ఇరవై డాలర్లు పోగొట్టుకుని, గ్రాసింగర్స్‌లో అయితే ఈ డబ్బుకు బల్ల నిండేదని గొణుక్కున్నారు. అది ఏ కాలం లెక్కో నేను అడగలేదు.

మేము న్యూజెర్సీకి మారాక హోటల్ శిథిలాలు ఫొటోల్లోనే చూశాను. 1958 నాటి లోపలి ఈతకొలను ఫొటోగ్రాఫర్లకు పుణ్యక్షేత్రమైంది. పైకప్పు అద్దాలు పగిలి వాన పడి, పలకల మీద పచ్చగా నాచు, ఫెర్న్ మొక్కలు, ఆ పచ్చదనం మధ్య పడుకునే కుర్చీలు. మా అబ్బాయి ఆ ఫొటోలు చూపించి ఎంత అందంగా ఉందో చూడమన్నాడు. అక్కడే వాడికి మూడేళ్లప్పుడు ఈత నేర్పబోతే ఏడ్చి గగ్గోలు పెట్టిన సంగతి చెప్పాను. నమ్మలేదు. 2018లో మిగిలిన భవనాలను కూల్చడం మొదలుపెట్టారు. ఇంకా నిలిచి ఉన్న ఒకదాన్ని 2022 ఆగస్టులో మంటలు మింగాయి.

కూల్చివేత మొదలైందని తెలిసిన రోజు మా సర్జన్‌గారికి ఫోన్ చేశాను. అప్పటికి ఆయనకు తొంభై దాటాయి, ఫ్లోరిడాలో పెద్దవాళ్ల వసతి గృహంలో ఉంటున్నారు. బాధపడతారనుకుంటే ఆయన ఆ మాట సగం విని పక్కన పెట్టేసి, తన భోజనశాల కబుర్లు మొదలుపెట్టారు. ఆ భవనంలో సగం మంది క్యాట్‌స్కిల్స్‌లో వేసవులు గడిపినవాళ్లేనట. అయిదింటికి తలుపు తీస్తారంటే నాలుగున్నరకే వరుసలో నిలబడతారట. సూప్ చల్లారిందని రోజూ గొడవ, పోతూ పోతూ రొట్టెలు చేతిసంచిలో వేసుకోవడం కూడా పాత పద్ధతే. కంచాలు ఎత్తే కుర్రవాళ్లు హైతీ నుంచి వచ్చారట, తట్ట భుజం మీద పెట్టుకోవడం వాళ్లకు చేతకావడం లేదని, చూపిస్తానంటే మేనేజరు లేవనివ్వడం లేదని ఫిర్యాదు చేశారు. వాళ్లలో ఒకడు పగలు నర్సింగ్ చదువుతున్నాడట. ఆ గృహంలో టిప్పులు ఇవ్వకూడదని నియమం ఉంది గానీ, వాడి బల్ల దగ్గరే కూర్చుని, రుమాలు కింద పెట్టి ఇస్తున్నానని చెప్పారు.